గడి ఒక్కటే, పేర్లు రెండు: వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్‌ని ఓటరు ఎలా చూడాలి?

అమెరికాలో ప్రెసిడెంట్ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ క్యాండిడేట్‌ని అధికారికంగా ఎన్నుకునే పార్టీ కన్వెన్షన్‌కి కాస్త అటూ ఇటూగా రన్నింగ్ మేట్, అంటే వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్, పేరు బయటికొస్తుంది, ఇక ఆ రోజు నుంచి అందరి నోటా అదే మాట. "ఆవిడ భలే మాట్లాడింది", "ఆయన మొహంలో కళ లేదు", "ఈ మనిషిని ఎక్కడ పట్టుకొచ్చారండీ" ఇలా. ఓటరుగా నాకూ ప్రతిసారీ ఒక అభిప్రాయం ఉంటుంది, ఉండాలి కూడా. చిక్కేంటంటే ఆ అభిప్రాయం పెట్టడానికి బ్యాలెట్ మీద చోటు లేదు. పైన ప్రెసిడెంట్ పేరు, కింద వైస్ ప్రెసిడెంట్ పేరు, ఇద్దరికీ కలిపి గడి ఒక్కటే. పైనాయన కావాలి కిందావిడ వద్దు అంటే కుదరదు, ఇద్దర్నీ తీసుకోవాలి లేదా ఇద్దర్నీ వదులుకోవాలి.

అందుకే చాలామంది ఆ రెండో పేరు గురించి ఆలోచించడం దండగ అంటారు. నేను ఒప్పుకోను. 2008లో నా ఓటు ఎటు వెళ్ళాలో తేల్చింది ఆ రెండో పేరే, రిపబ్లికన్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ జాన్ మెకెయిన్ ఎంచుకున్న అప్పటి అలాస్కా గవర్నర్ సారా పేలిన్. ఆవిడ మీద నా అభిప్రాయం ఏంటో చెప్తా, కానీ ముందు ఈ పదవి సంగతి కొంచెం విప్పి చూడాలి, పదవేంటో సరిగ్గా తెలీకుండా దానికి ఫలానా మనిషి సరిపోతారా లేదా అని ఎలా చెప్తాం?

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక గందరగోళం ఉంటుంది, ఇండియాలో ఉపరాష్ట్రపతిని చూసి అమెరికా వైస్ ప్రెసిడెంట్ కూడా అలాంటిదే అనుకుంటారు. పోలిక కొంతవరకే. ఇండియాలో ఉపరాష్ట్రపతిని పార్లమెంటు రెండు సభల సభ్యులు విడిగా, రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటారు, ఆయన రాజ్యసభ నడుపుతారు, రాష్ట్రపతి చనిపోతే తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తారు, ఆరు నెలల్లో కొత్త రాష్ట్రపతి ఎన్నిక జరగాలి. 1969లో జాకిర్ హుస్సేన్ చనిపోయినప్పుడు వి.వి. గిరి, 1977లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చనిపోయినప్పుడు బి.డి. జత్తి అలాగే చూశారు. అమెరికాలో అలా కాదు, ప్రెసిడెంట్ పోతే మళ్ళీ ఎన్నిక ఉండదు, మిగిలిన టర్మ్ అంతా వైస్ ప్రెసిడెంటే ప్రెసిడెంట్. మూడేళ్ళ పదకొండు నెలలు మిగిలినా సరే. పైగా అక్కడ ప్రెసిడెంట్ అంటే సంతకాలు పెట్టే రాజ్యాంగాధినేత కాదు, మొత్తం ప్రభుత్వం, సైన్యం ఆయన చేతిలోనే. అంటే మనం గడి నింపేటప్పుడు, తెలిసినా తెలియకపోయినా, ఇంకో ప్రెసిడెంట్‌ని కూడా ఎన్నుకుంటున్నాం.

అసలు ఈ జంట ఓటు మొదట్నుంచీ లేదు. రాజ్యాంగం రాసినప్పుడు పెట్టిన పద్ధతి ఏంటంటే ఎలక్టర్లు (రాష్ట్రాల తరఫున ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే ప్రతినిధులు) ఒక్కొక్కరు రెండేసి ఓట్లు వేస్తారు, ఎక్కువ వచ్చినాయన ప్రెసిడెంట్, రెండో స్థానం వచ్చినాయన వైస్ ప్రెసిడెంట్. పార్టీలు లేనప్పుడు బానే ఉండేది. 1796కి వచ్చేసరికి జాన్ ఆడమ్స్ గెలిచాడు, ఆయన మీద పోటీ చేసిన థామస్ జెఫర్సన్ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు, అంటే ఓడించిన ప్రత్యర్థినే పక్కన కూర్చోబెట్టుకోవాల్సి వచ్చింది. 1800లో ఇంకా ఘోరం, జెఫర్సన్‌కీ ఆయన సొంత జోడీ ఆరన్ బర్‌కీ సమానంగా 73 ఓట్లు వచ్చాయి, బర్ తప్పుకోలేదు, చివరికి ప్రతినిధుల సభ 36 సార్లు ఓటింగ్ పెట్టి తేల్చింది. ఆ దెబ్బతో 1804లో 12వ సవరణ వచ్చింది, ప్రెసిడెంట్‌కి ఒక ఓటు, వైస్ ప్రెసిడెంట్‌కి ఇంకో ఓటు, ఎలక్టర్లు విడివిడిగా వేస్తారు.

గమనించారా, ఎలక్టర్లకి మాత్రం ఇప్పటికీ రెండు వేర్వేరు ఓట్లున్నాయి, మామూలు ఓటరుకే లేవు. దాన్ని నిజంగా వాడినవాళ్ళూ ఉన్నారు. 1836లో వర్జీనియా ఎలక్టర్లు 23 మంది ప్రెసిడెంట్‌గా మార్టిన్ వాన్ బ్యూరెన్‌కి ఓటేసి, ఆయన రన్నింగ్ మేట్ రిచర్డ్ మెంటర్ జాన్సన్‌కి మాత్రం ఓటు వేయం అన్నారు. బానిసగా ఉన్న జూలియా చిన్ అనే నల్లజాతి స్త్రీతో ఆయన భార్యాభర్తల్లా బతికాడు, ఆ బిడ్డల్ని తన బిడ్డలుగా ఒప్పుకున్నాడు, వాళ్ళ కోపం అదీ. నా దృష్టిలో సిగ్గుపడాల్సింది ఆ ఎలక్టర్లే. ఏమైతేనేం జాన్సన్‌కి మెజారిటీ రాలేదు, సెనేట్ ఓటు పెట్టి ఆయన్ని వైస్ ప్రెసిడెంట్ చేసింది, అలా జరగడం చరిత్రలో అదొక్కసారే. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఎలక్టర్లు పార్టీ టికెట్‌కే, అంటే పార్టీ నిలబెట్టిన జంటకే, కట్టుబడాలని చట్టాలున్నాయి, 2020లో సుప్రీంకోర్టు కూడా అవి చెల్లుతాయని చెప్పింది. టెక్సాస్, కాలిఫోర్నియా, నార్త్ కరొలైనా లాంటి రాష్ట్రాల్లో గవర్నర్‌కీ లెఫ్టినెంట్ గవర్నర్‌కీ (అంటే డిప్యూటీ గవర్నర్‌కీ) ప్రజలు విడిగా ఓటేస్తారు, అంటే విడదీయడం అసాధ్యమేమీ కాదు, కాకపోతే దేశం స్థాయిలో అలా చేస్తే మళ్ళీ ఆడమ్స్-జెఫర్సన్ లాంటి జంటలు వస్తాయి. నాకు జంట ఓటే నయం అనిపిస్తుంది, కానీ దానివల్ల ఓటరు మీద బరువు పెరుగుతుంది, రెండో మనిషిని కూడా తనే తూకం వేసుకుని ఒక్క ఓటులో ఇమడ్చాలి.

సరే, పదవిలో ఉన్నన్నాళ్ళు ఏం చేస్తారు? రాజ్యాంగం ప్రకారం పని చాలా తక్కువ. సెనేట్‌కి అధ్యక్షత, ఓట్లు సమానమైతే తేల్చే ఓటు, ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపు రోజున కుర్చీలో కూర్చోవడం, అంతే. మొదటి వైస్ ప్రెసిడెంట్ ఆడమ్సే తన భార్యకి రాసిన ఉత్తరంలో మనిషి కల్పించిన పదవుల్లో ఇంత అల్పమైనది ఇంకోటి లేదని వాపోయాడు. చాలాకాలం అది ఆటలో అరటిపండు పదవే. 1977లో జిమ్మీ కార్టర్ తన వైస్ ప్రెసిడెంట్ వాల్టర్ మాండేల్‌కి వైట్‌హౌస్‌లో ప్రెసిడెంట్ ఆఫీసు ఉండే వెస్ట్ వింగ్‌లోనే ఆఫీసు ఇచ్చి, వారంవారం కలిసి భోజనం పెట్టుకుని, అన్ని కాగితాలూ చూపించడం మొదలుపెట్టాక ఆ పదవికి విలువొచ్చింది. తర్వాత డిక్ చెయినీ కాలానికి, కొంతమంది దృష్టిలో నా దృష్టిలో కూడా, మరీ ఎక్కువొచ్చింది.

తేల్చే ఓటుని కూడా తేలిగ్గా తీసుకోకూడదు. కమలా హారిస్ వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్న నాలుగేళ్ళలో 33 సార్లు అలా ఓటేసింది, అది రికార్డు, సెనేట్ 50-50గా ఉండబట్టి 2022లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఆవిడ ఓటుతోనే గట్టెక్కింది. ఇక 2021 జనవరి 6న అప్పటి వైస్ ప్రెసిడెంట్ మైక్ పెన్స్ ఏం చేశాడో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యనన్నాడో అందరికీ తెలుసు. ఎన్నికలో ఓడిన ట్రంప్ ఎంత ఒత్తిడి పెట్టినా, లెక్కింపులో తనకి ఫలితం మార్చే హక్కు లేదని నిలబడ్డాడు, 2022లో కాంగ్రెస్ దాన్నే చట్టంగా రాసింది. 2016లో ఆ టికెట్‌కి ఓటేసినవాళ్ళలో ఎంతమంది, ఈ మనిషి రేపు అలాంటి ఒత్తిడి వస్తే నిలబడతాడా అని ఆలోచించి ఉంటారు? పెన్స్ రాజకీయాలతో నాకు పడదు, కానీ ఆ రోజు ఆయన చేసిన పనికి నాకు గౌరవం ఉంది.

అయినా అసలు విషయం ఇవేవీ కాదు, వారసత్వం. ఇప్పటిదాకా ప్రెసిడెంట్లయిన 45 మందిలో 9 మంది ముందుగా ఆ కుర్చీ ఎక్కింది ఎన్నికలో గెలిచి కాదు, పైనాయన పోవడం వల్ల. 8 సార్లు చావు, ఒకసారి, 1974లో, నిక్సన్ రాజీనామా. అయిదుగురిలో ఒకరన్నమాట. మామూలు ఇన్సూరెన్స్ లెక్కల్లో చూసినా ఇది చిన్న రిస్క్ కాదు.

ఆ తొమ్మిది మందిలో ముగ్గురి కథ తెలిస్తే చాలు.

మొదటిది జాన్ టైలర్. 1840లో విగ్ పార్టీ విలియం హెన్రీ హారిసన్‌ని నిలబెట్టి, దక్షిణాది ఓట్ల కోసం ఒకప్పటి డెమొక్రాట్ అయిన టైలర్‌ని జోడించింది. హారిసన్ ప్రమాణం చేసిన నెలరోజులకే చనిపోయాడు. టైలర్ వచ్చి పార్టీ ముఖ్యంగా కోరుకున్న నేషనల్ బ్యాంక్ బిల్లుల్ని వీటో చేశాడు, ఒక్క డేనియల్ వెబ్‌స్టర్ తప్ప కేబినెట్ అంతా రాజీనామా చేసింది, పార్టీ ఆయన్ని వెలేసింది. విగ్ ప్రోగ్రాం కోసం ఓటేసిన జనానికి దొరికింది ఆ ప్రోగ్రాంని అడ్డుకునే ప్రెసిడెంట్.

రెండోది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోయే కథ. 1864లో లింకన్ టికెట్ మీద, అప్పటిదాకా ఉన్న హానిబల్ హామ్లిన్‌ని తీసేసి టెనెసీకి చెందిన డెమొక్రాట్ ఆండ్రూ జాన్సన్‌ని పెట్టారు. యుద్ధం మధ్యలో రెండు వైపులవాళ్ళనీ కలుపుకున్నట్టు కనబడాలని. లింకన్ రెండోసారి ప్రమాణం చేసిన 42 రోజులకి హత్య. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన లక్షలమంది బతుకులు ఏమవుతాయో తేలాల్సిన సమయంలో, వాళ్ళకి పౌరహక్కులిచ్చే 1866 చట్టాన్ని వీటో చేసిన మనిషి వైట్‌హౌస్‌లో కూర్చున్నాడు. కాంగ్రెస్ వీటోని దాటి చట్టం చేసింది, 1868లో ఇంపీచ్ (అభిశంసన) కూడా చేసింది, సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. ఒక ఎన్నికల వ్యూహం కోసం పెట్టిన పేరు ఒక తరం భవిష్యత్తుని మార్చేసింది, ఇది ఎక్కువ చేసి చెప్పడం కాదు.

మూడోది హ్యారీ ట్రూమన్. 1944లో రూజ్‌వెల్ట్ ఆరోగ్యం బాలేదని పార్టీ పెద్దలకి తెలుసు, అందుకే వాళ్ళకి మరీ వామపక్షంగా కనిపించిన అప్పటి వైస్ ప్రెసిడెంట్ హెన్రీ వాలెస్‌ని తప్పించి ట్రూమన్‌ని తెచ్చారు. అంటే వాళ్ళు ఎంచుకుంటున్నది బహుశా కాబోయే ప్రెసిడెంట్‌నని వాళ్ళకి తెలిసే చేశారు. అయినా 82 రోజులు వైస్ ప్రెసిడెంట్‌గా ఉన్నన్నాళ్ళు ఆయనకి ముఖ్యమైన సంగతులేవీ చెప్పలేదు, అణుబాంబు తయారీ వివరాలు ప్రెసిడెంట్ అయ్యాకే తెలిశాయి. ట్రూమన్ నిలదొక్కుకున్నాడు, కానీ అది ఆయన గట్టితనం, వ్యవస్థ గొప్పతనం కాదు.

ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది, క్యాండిడేట్‌ని ఎంచుకునేవాళ్ళు చూసేది ఎన్నిక రోజుని, ఓటరు చూడాల్సింది ఆ తర్వాతి నాలుగేళ్ళని. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, వేర్వేరు జవాబులు వస్తాయి. పార్టీవాళ్ళు బ్యాలెన్స్ అంటారు, అంటే ఉత్తరాదికి దక్షిణాది, ముసలాయనకి కుర్రాడు, వాషింగ్టన్‌కి కొత్తవాడికి అనుభవజ్ఞుడు. సొంత రాష్ట్రం తెచ్చిపెడతారు అనేది ఇంకో లెక్క. 1960లో లిండన్ జాన్సన్ వల్లే టెక్సాస్ కెనెడీకి పడిందని అందరూ చెప్తారు, అది నిజమే కావచ్చు, కానీ 2004లో జాన్ ఎడ్వర్డ్స్ నార్త్ కరొలైనా తేలేకపోయాడు, 2012లో పాల్ రయాన్ విస్కాన్సిన్ తేలేకపోయాడు. 1992లో బిల్ క్లింటన్ ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి తనలాంటి కుర్ర దక్షిణాది మనిషి అల్ గోర్‌నే తీసుకుని గెలిచాడు.

ఇప్పుడు పేలిన్ సంగతికి వస్తా.

2008 ఆగస్టు 29, జాన్ మెకెయిన్‌కి 72 నిండిన రోజు, ఒహాయోలోని డేటన్‌లో ఆవిడ పేరు ప్రకటించారు. ఆవిడకి 44. గవర్నర్ అయ్యి రెండేళ్ళు కూడా కాలేదు, అంతకుముందు వసిల్లా అనే చిన్న ఊరికి మేయర్. మొదటి రోజే చాలామంది నవ్వారు, నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆవిడ అలాస్కాలో చేసింది తక్కువేం కాదు. ఆయిల్ అండ్ గ్యాస్ కమిషన్‌లో ఉండగా సొంత పార్టీ ఛైర్మన్ మీదే నైతిక ఉల్లంఘనల ఫిర్యాదు చేసి పదవి వదులుకుంది. 2006లో సొంత పార్టీ గవర్నర్ ఫ్రాంక్ మర్కౌస్కీ మీద ప్రైమరీలో, అంటే పార్టీ లోపలి ఎన్నికలో, నిలబడి ఓడించింది. గవర్నర్ అయ్యాక చమురు కంపెనీల మీద పన్ను పెంచే చట్టం తెచ్చింది, రిపబ్లికన్ పార్టీలో ఉంటూ, చమురే బతుకుగా ఉన్న రాష్ట్రంలో. ఇదంతా గుండెధైర్యం లేనిదే జరగదు. సెప్టెంబర్ 3న సెయింట్ పాల్ కన్వెన్షన్‌లో ఆవిడ ప్రసంగం విన్నవాళ్ళు ఎవరైనా, ఏ పార్టీవాళ్ళైనా, జనంతో మాట్లాడే విద్య ఆవిడకి సహజంగా ఉందని ఒప్పుకోవాల్సిందే.

ఆ తర్వాత ఆవిడ మీద జరిగిన దాడిలో సగం నాకు అసహ్యం పుట్టించింది. జుట్టు, కళ్ళజోడు, యాస, పసిబిడ్డ తల్లి ఇంత పని చేయగలదా అని ప్రశ్నలు, అవే ప్రశ్నలు మగ క్యాండిడేట్‌ని ఎవరూ అడగరు. పార్టీ ఆవిడ బట్టలకి లక్షా యాభై వేల డాలర్లు ఖర్చుపెట్టిందని వార్త వచ్చాక వారాలపాటు అదే చర్చ. మా ఇంటి నుంచి రష్యా కనబడుతుంది అన్నది ఆవిడే అని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు, ఆ మాట అన్నది ఆవిడ కాదు, టీవీ కామెడీ షోలో ఆవిడ వేషం వేసిన టీనా ఫే. పేలిన్ అన్నది అలాస్కాలో ఒక ద్వీపం నుంచి రష్యా భూభాగం కనిపిస్తుందని, అది భౌగోళికంగా నిజం, రెండు డయోమీడ్ ద్వీపాల మధ్య దూరం నాలుగు కిలోమీటర్ల లోపే. ఒక మనిషి మీద అభిప్రాయం పెట్టుకునే ముందు ఆ మనిషి నిజంగా అన్నదేంటో తెలుసుకోవాలి కదా, అది కనీస మర్యాద.

మిగతా సగం విమర్శ మాత్రం న్యాయమైనది, నేను ఆగింది అక్కడే. సెప్టెంబర్ చివర్లో టీవీ జర్నలిస్టు కేటీ కూరిక్ ఆవిడతో చేసిన ఇంటర్వ్యూ చూశాను. ఏ పేపర్లు, మ్యాగజైన్లు చదువుతారు అని అడిగితే ఒక్క పేరు కూడా చెప్పలేదు, అన్నీ చదువుతా అంది. అబార్షన్ తీర్పు కాకుండా మీకు నచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇంకోటి చెప్పండి అంటే చెప్పలేకపోయింది. కొంతమంది అది ట్రిక్ ప్రశ్న అన్నారు, కాదు, చాలా మామూలు ప్రశ్నలు. నన్ను కలవరపెట్టింది జవాబు రాకపోవడం కాదు, దేశం మొత్తానికి సంబంధించిన విషయాల మీద అంతకుముందు ఆవిడ ఆలోచించుకున్న ఆనవాళ్ళు కనబడకపోవడం. గవర్నర్‌గా పైప్‌లైన్ గురించో చమురు పన్ను గురించో అడిగితే ఆవిడ తడుముకునేది కాదు, అక్కడ ఆవిడకి పట్టు ఉంది. యుద్ధాలు రెండు నడుస్తున్నాయి, సెప్టెంబర్ 15న లీమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, బ్యాంకులు ఒక్కొక్కటే ఊగుతున్నాయి, పైనున్న క్యాండిడేట్‌కి 72 ఏళ్ళు, స్కిన్ క్యాన్సర్ మెలనోమా వచ్చి తగ్గిన మనిషి. గెలిస్తే మొదటి టర్మ్ మొదలుపెట్టే ప్రెసిడెంట్లలో అప్పటికి అందరికంటే పెద్ద వయసు ఆయనదే అయ్యేది. అలాంటప్పుడు రెండో పేరు ఉత్సవ విగ్రహం కాదు.

అదే నా అభిప్రాయం, సూటిగా చెప్పాలంటే: పేలిన్ తెలివితక్కువ మనిషి కాదు, సిద్ధంగా లేని మనిషి. ఆవిడని ఇంకో ఆరేళ్ళు అలాస్కాలో వదిలేసి ఉంటే, లేదా సెనేట్‌కి వెళ్ళి ఉంటే, మంచి క్యాండిడేట్ అయ్యేదేమో. సిద్ధంగా లేనప్పుడు పిలిచినవాళ్ళది తప్పు, పిలిస్తే వెళ్ళడం ఏ రాజకీయ నాయకుడైనా చేసేదే. అందుకే నా కోపం ఎక్కువ పడింది మెకెయిన్ మీద. వియత్నాంలో అయిదున్నరేళ్ళు ఖైదీగా ఉండి, ముందుగా విడిచిపెడతామన్నా తన వాళ్ళని వదిలి రానన్న మనిషి, నాకు చాలా గౌరవం. అదే మనిషి, అంతకుముందు పెద్దగా పరిచయం లేని గవర్నర్‌ని చివరి రోజుల్లో హడావిడిగా పరిశీలించి పెట్టుకున్నాడు, "దేశమే ముందు, మిగతావన్నీ తర్వాత" అన్న అర్థం వచ్చే మాట ఆయన ప్రచార నినాదం కూడా. ప్రెసిడెంట్ కావాలనుకునే మనిషి పదవిలోకి రాకముందే, మనందరి కళ్ళముందు తీసుకునే మొదటి పెద్ద నిర్ణయం రన్నింగ్ మేట్ ఎంపిక. మిగతావన్నీ మాటలు, హామీలు, ఇది చేత. వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ మీద ఓటరు ఏర్పరచుకునే అభిప్రాయంలో సగం నిజానికి పైనాయన మీద అభిప్రాయమే. నేను చూసే పద్ధతి అదే, అందుకే ఆ గడి నింపలేకపోయా. అక్టోబర్ 19న రిపబ్లికన్ అయిన కొలిన్ పావెల్ ఒబామాకి మద్దతు చెప్తూ, పేలిన్ ప్రెసిడెంట్ కావడానికి సిద్ధంగా ఉన్నారని తను అనుకోవట్లేదు, ఆ ఎంపికే మెకెయిన్ విచక్షణ మీద ప్రశ్న తెచ్చిందన్న అర్థంలో మాట్లాడాడు. సైన్యాన్ని నడిపినాయన కూడా అదే చోట ఆగాడు.

డిబేట్ చూసి తేల్చుకోవచ్చు కదా అంటారు. అక్టోబర్ 2న పేలిన్-బైడెన్ డిబేట్‌ని దాదాపు ఏడు కోట్ల మంది చూశారు, ఆ ఏడాది ప్రెసిడెంట్ల డిబేట్ల కంటే ఎక్కువ. ఆవిడ బానే నెట్టుకొచ్చింది. కానీ తొంభై నిమిషాల ప్రాక్టీసు చేసిన జవాబులతో తెలిసేది చాలా తక్కువ. 1988 చూడండి, రిపబ్లికన్ల వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ డాన్ క్వేల్ తన అనుభవాన్ని జాక్ కెనెడీతో (జాన్ ఎఫ్. కెనెడీతో) పోల్చుకుంటే డెమొక్రాట్ల వైస్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ లాయిడ్ బెంట్‌సెన్ మీరు జాక్ కెనెడీ కాదు అని మొహం మీదే అన్నాడు, డిబేట్ల చరిత్రలో అంతకంటే గట్టి దెబ్బ లేదు, అయినా నవంబర్‌లో క్వేల్ ఉన్న టికెట్టే 40 రాష్ట్రాలు గెలిచింది. ఆ ఎన్నికలో వెస్ట్ వర్జీనియా ఎలక్టర్ ఒకరు బెంట్‌సెన్‌ని ప్రెసిడెంట్‌గా, ఆ టికెట్ మీద పైనున్న డుకాకిస్‌ని వైస్ ప్రెసిడెంట్‌గా తిరగేసి ఓటేశారు, మామూలు ఓటర్లు ఎంతమందికి అలా వేయాలనిపించి ఉంటుందో.

పరిశీలన సరిగ్గా చేయకపోతే ఏమవుతుందో 1972లో డెమొక్రాట్లు చూపించారు. వాళ్ళ ప్రెసిడెంట్ క్యాండిడేట్ మెక్‌గవర్న్ హడావిడిగా థామస్ ఈగల్టన్‌ని పెట్టుకున్నాడు, తర్వాత ఆయన డిప్రెషన్‌కి ఆస్పత్రిలో ఉండి షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్న సంగతి బయటికొచ్చింది, మూడు వారాలు తిరక్కుండానే తప్పించి సార్జంట్ ష్రైవర్‌ని తెచ్చారు. డిప్రెషన్‌కి వైద్యం చేయించుకోవడం తప్పు కానే కాదు, ఈగల్టన్ తర్వాత కూడా ఏళ్ళ తరబడి మంచి సెనేటర్‌గా పనిచేశాడు. ముందు నూటికి వెయ్యి శాతం అండగా ఉన్నానని చెప్పి, ఆ తర్వాత కొద్దిరోజులకే వదిలేసిన మెక్‌గవర్న్ తీరే అక్కడ బయటపడింది. మళ్ళీ అదే, కింద పేరు పైనాయన గురించి చెప్పింది.

ఇంకో ముచ్చట చెప్పాలి, మనవాళ్ళకి కాస్త గుచ్చుకుంటుందేమో. 2024లో జేడీ వాన్స్ పేరు రాగానే తెలుగువాళ్ళ మాటల్లో సగం ఆయన భార్య ఉషా చిలుకూరి గురించే, మన అల్లుడు, మన గోదావరి మూలాలు అని. సంతోషపడటం సహజం, మన మూలాలున్న ఇంటి బిడ్డ ఆ స్థాయికి వెళ్తే ఎవరికి బాగోదు? కానీ అది క్యాండిడేట్ మీద అభిప్రాయం కాదు. హారిస్ వాళ్ళమ్మ తమిళావిడ కాబట్టి ఓటేస్తా అన్నవాళ్ళకీ ఇదే మాట. వాన్స్‌ని ఎంచుకున్నప్పుడు ఆయన సెనేటర్ అయ్యి ఏడాదిన్నరే, పైనున్న ట్రంప్‌కి 78. పేలిన్‌ని అడిగిన ప్రశ్నే ఆయన్నీ అడగాలి. 2004లో ఎడ్వర్డ్స్‌కి సెనేట్‌లో ఒక్క టర్మ్ కూడా నిండలేదు, అప్పుడూ అడగాలి. పార్టీని బట్టి ప్రశ్న మారితే అది అభిప్రాయం కాదు, అభిమానం.

అనుభవం అంటే ఏళ్ళు లెక్కపెట్టడం మాత్రమే అని నేను అనట్లేదు. ఆండ్రూ జాన్సన్ ప్రతినిధుల సభ, గవర్నర్ పదవి, సెనేట్ అన్నీ చూసినవాడే, ఏం లాభం? నేను వెతికేది ఏంటంటే, ఈ మనిషి తన సొంత వాళ్ళకి ఎప్పుడైనా కాదు అని చెప్పారా, అలా చెప్పినందుకు ఏమైనా పోగొట్టుకున్నారా. తనకి తెలీని విషయం ఎదురైతే నేర్చుకున్న దాఖలా ఉందా. పైనాయన ప్రోగ్రాంని నిజంగా నమ్ముతున్నారా లేక టైలర్ లాగా ఓట్ల కోసం అతికించిన పేరా. ఇవి ప్రసంగాల్లో దొరకవు, పాత ఓట్లలో, రాజీనామాల్లో, సొంత ఊరి పేపర్లలో దొరుకుతాయి. విచిత్రం ఏంటంటే మొదటి ప్రశ్నకి పేలిన్ దగ్గర చాలామంది కంటే మంచి జవాబుంది, రెండోదానికే లేదు.

మెకెయిన్ చివరి రోజుల్లో తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు, అప్పుడు జో లీబర్‌మన్‌ని తీసుకోవాల్సింది, సలహాదారుల మాట విని ఆగిపోయానని. పేలిన్ మీద మాత్రం నింద వేయలేదు, అది ఆయన పెద్దరికం. లీబర్‌మన్ 2000లో అల్ గోర్ పక్కన నిలబడిన డెమొక్రాట్, తర్వాత ఇండిపెండెంట్, అబార్షన్ హక్కుల్ని సమర్థించేవాడు, ఆయన్ని పెడితే రిపబ్లికన్ కన్వెన్షన్‌లో తిరుగుబాటు వస్తుందని సలహాదారుల భయం, ఆ భయం ఉత్తిది కూడా కాదు. నాకు లీబర్‌మన్ ఇరాక్ యుద్ధం మీద మాట్లాడిన మాటలు నచ్చేవి కావు, బ్యాలెన్స్ కోసం అవతలి పార్టీ మనిషిని తేవడంలో టైలర్, ఆండ్రూ జాన్సన్ కథలు గుర్తొచ్చి భయపడేవాణ్ణి కూడా. కానీ రేపు పొద్దున ఫోన్ వస్తే ఈయన పని చూసుకోగలడా అన్న ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నేను ఆగేవాణ్ణి కాదు, ఆ ఏడాది నా ఓటు నిజంగా ఆలోచించుకుని తేల్చుకోవాల్సిన ఓటు అయ్యుండేది.